ఎర్ర నూలు చుట్టిన వైర్లు

మా అన్న సిద్దిరాములు పోయిన కార్తీకంలో చనిపోయాడు. తిరుమలగిరిలో ఆయనతో పనిచేసినవాళ్లు ఆయన మగ్గం పనితనం గురించి ఇంకా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆయన ఇంట్లో స్పీకర్ వైర్లు తయారు చేసుకున్న రోజే గుర్తొస్తుంది.

మా వదిన వసంతలక్ష్మి 2018లో ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. వాళ్లకు పిల్లలు లేరు. ఆమె గొంతు మిగిలింది ఒక్కచోటే. పోవడానికి ముందు ఏడాది ఎండాకాలంలో, ఆసు చెక్క మేకుల చుట్టూ నూలు పోస్తూ ఆమె పోగులు లెక్కపెడుతుంటే, అన్న సరదాకు ఫోన్లో రికార్డు చేశాడు. నాలుగు నిమిషాలు. ఆ ఫోన్ పాడైపోయే ముందు దాన్ని ఒక మెమరీ కార్డులోకి ఎక్కించుకున్నాడు. ఇంకెక్కడా లేదు. కొత్త ఫోన్లో పెట్టి వింటే దోమ పాడినట్టు సన్నగా వచ్చేది.

"గిది మీ వదిన గొంతు గాదు తమ్మీ. ఇంట్ల కూసోని మాట్లాడినట్టు ఇనాలె. ఒక్కసారన్న."

ఊళ్లో మైక్ సెట్లు అద్దెకిచ్చే నాగరాజు మెమరీ కార్డు పట్టే తన పాత ఆంప్లిఫయర్, రెండు స్పీకర్ పెట్టెలు ఆయనకిచ్చాడు. వైర్లు లేవు. "బజార్ల కొనుక్కో మామా" అన్నాడు. అన్న కొనలేదు. మగ్గం ఆపి రెండేళ్లయింది, చేతులకు పని కావాలి.

ఆ ఆదివారం నేను నల్లగొండ నుంచి వెళ్లేసరికి మగ్గం గదిలో కూర్చుని ఉన్నాడు. ఇంటి కరెంటు పనిలో మిగిలిన తెల్ల వైరును నాలుగు సమాన ముక్కలు కోశాడు. అన్నీ ఒకటే రంగు కాబట్టి రెంటికి ఎర్ర నూలు, రెంటికి నల్ల నూలు చుట్టాడు. వదిన అద్దిన నూలే. ఎరుపు, నలుపు జతగా పక్కపక్కన పెట్టి జానెడుకొకచోట కట్టాడు. చివర్లు బ్లేడుతో గీసి, లోపలి రాగి పోగులను వేలు తడిచేసి, తెగిన దారం అతికించినట్టు మెలిపెట్టాడు.

రెండు జతలనూ గోడ వెంట పరిచి, చీరకు రెండంచుల్లాగా ఎరుపు రెండు పక్కలా బయటికి వచ్చేట్టు సర్దాడు. స్పీకర్ పెట్టెల వెనక రంగుకు రంగు కలిపి బిగించాడు. ఆంప్లిఫయర్ వెనక వైర్లు దూర్చే గుంటల రంగులు మాత్రం ఎప్పుడో చెరిగిపోయాయి. అక్కడా ఎరుపు బయటికే బిగించాడు.

కార్డు పెట్టాడు. గొంతు వచ్చింది. ఎడమ పక్కన లేదు, కుడి పక్కన లేదు, ఎక్కడి నుంచి వస్తోందో తెలియలేదు. బలం లేని, బోలు గొంతు. శబ్దం పెంచినకొద్దీ ఇంకా దూరమైంది.

"కార్డు ఖరాబైంది. నా చేతులతోని నేనే ఖరాబు చేసిన" అన్నాడు అన్న.

"ఫోన్ల పెట్టి చూద్దాం అన్నా."

"వద్దు. ఫోన్ల గూడ గిట్లనే వస్తే?"

కార్డును గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టెలో దాచాడు. రెండు నెలలు ముట్టుకోలేదు. నేను ఫోన్ చేసి "తిన్నవా అన్నా?" అంటే "ఆ" అని పెట్టేసేవాడు. ఉండబట్టలేక నాగరాజును వెంటబెట్టుకుని వెళ్లాను. అతను ఆంప్లిఫయర్ వెనక్కు వంగి చూసి పకపకా నవ్వాడు.

"ఏంది మామా, కరెంటుకు గూడ చీర నేసినవా? రెండంచులు ఎదురెదురు పెట్టినవ్!"

"మరి? ఒక దిక్కు ఎరుపు లోపలికుంటె చూసెటోళ్లు నవ్వరా?"

"ఇప్పుడు నేను నవ్వుతలేనా? ఒక దిక్కు వైర్లు ఉల్టా అయినయ్. గా పెట్టె ముందుకు నూకుతాంటె గీ పెట్టె ఎనకకు గుంజుతాంది. రెండు గల్సి అత్త గొంతును మింగినయ్. నీ కార్డుకేం గాలె."

ఒక జతను తిప్పి బిగించాడు. అన్న గుడ్డ విప్పి కార్డు పెట్టాడు.

"ఏందయ్యా, మూతికాడ గిదేంది? లెక్క తప్పుతది. జరుగు జర... నలభై రెండు, నలభై మూడు..."

గోడకు నడుమ, రెండు పెట్టెల మధ్య ఖాళీ జాగాలోంచి వచ్చింది. వదిన గొంతే. నాగరాజు చప్పుడు చేయకుండా చెప్పులు చేతబట్టుకుని వెళ్లిపోయాడు. అన్న ముఖం చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

యాభై దాటాక ఒక దగ్గు. మళ్లీ ఇంకొకటి, లోతుగా. ఫోన్లో అది గుడ్డ రాసుకున్న చప్పుడులా ఉండేది.

"తమ్మీ, గప్పుడే దగ్గుతుండె."

"జలుబేమో అన్నా."

"ఎండకాలం జలుబేంది? దవాఖానకు ఆర్నెల్లకు తీస్కపోయిన. పక్కనే కూసున్న. నాకు ఇనబడలే."

ఆయన మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. యాభై అనగానే ఆపేశాడు. మళ్లీ మొదటి నుంచి పెట్టాడు.

ఆ తర్వాత నేనెప్పుడు వెళ్లినా యాభై దాకే వినిపించేవాడు. ఆయన బతికుండగా యాభై ఒకటి నేను మళ్లీ వినలేదు.