గ్యాస్ మట్టయ్య బత్తాయి మంట

కొత్తపేట పండ్ల మార్కెట్‌లో ‘గ్యాస్ మట్టయ్య’ అంటే తెలియనివాళ్లు లేరు. లేని గొప్పలు చెప్పేవాణ్ణి గ్యాస్ కొడుతున్నాడంటారు కదా, మట్టయ్యకు ఆ పేరు అలాగే పడింది. కుళ్లిన పండ్లతో అన్నం వండుతానని అన్నాడు మరి!

అని ఊరుకునే మనిషి కాదు. నల్లగొండ పల్లె నుంచి వచ్చి ఆ మార్కెట్‌లో మూటలు మోస్తున్నవాడు. ఎల్బీనగర్‌లోని తన రెండు గదుల ఇంటి వెనక ఒక పాత నీళ్ల ట్యాంకులో ఇంకొకటి బోర్లించాడు. అందులో పేడనీళ్లు పోసి, మార్కెట్‌లో పారబోసే పండ్లు పిసికి వేసేవాడు. లోపల అవి మురిగి గ్యాసు పుట్టి, పై ట్యాంకు తేలేది. ఆ గ్యాసు మీద భార్య అండాలమ్మ చాయ్ కాచింది కూడా. పక్కింటి జోగారావు గారు గోదావరి జిల్లా నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగి, నిండైన విగ్రహం. గోడ మీంచి తొంగిచూసి, “టీ మీకూ, వాసన మాకూనా మట్టయ్యగారూ?” అన్నారు.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు చేద్దామన్నారు. రోడ్డు మీదే వండుకుని, రోడ్డు మీదే తిని, తెలంగాణ అడగడం. మట్టయ్య లేచి, “ఒక గంజెడు అన్నం నా గ్యాసు మీద ఉడుకుతది” అన్నాడు.

హమాలీల పెద్ద మహిపాల్ నవ్వు ఆపుకోలేదు. “మంచిదే అన్నా. ఎందుకైనా మంచిది, జర కట్టెలు గూడ తెచ్చిపెట్టుండ్రి.”

ఆ కట్టెల మాట మట్టయ్యకు గుచ్చుకుంది. ఆ పౌరుషంలోనే తప్పు చేశాడు. లారీలు కదలక మార్కెట్‌లో బత్తాయిలు కుప్పలు పడున్నాయి, అవీ నల్లగొండవి! తెలంగాణ కోసం వండే అన్నం తన జిల్లా పండుతోనే ఉడకాలని, వేరే పండు ముట్టకుండా బుట్టలకొద్దీ అవే పోశాడు. ట్యాంకు పొంగింది, మట్టయ్య ఛాతీ కూడా. అగ్గిపుల్ల గీశాడు. బుస్సుమని ఆరిపోయింది. ఇంకోటి గీశాడు. అదీ అంతే.

“ఇగ నిజంగనే గ్యాస్ మట్టయ్యవైనవ్” అంది అండాలమ్మ.

“అరె, మన నల్లగొండ బత్తాయే గదనే!”

“నల్లగొండదైతే ఏంది? పరగడుపున బుట్టెడు బత్తాయిలు తింటే నీ కడుపు ఎట్లైతది?”

మట్టయ్యకు అప్పుడు తట్టింది. ట్యాంకు కడుపంతా పులిసిపోయింది. పండ్లు ఆపేశాడు. పులుపు విరిగేందుకు సున్నపు తేట కొద్దికొద్దిగా పోశాడు. పొద్దున్నే బర్రెల కొట్టాలకు పోయి తాజా పేడ మోసుకొచ్చి కలిపాడు. రోజూ ఒక పుల్ల గీసి, తల వంచుకుని లోపలికి వచ్చేవాడు. గోడవతల జోగారావు గారు కూడా నిట్టూర్చేవారు. చివరికి, వంటావార్పు రేపనగా, నీలంగా చిన్న నాలుక లేచి నిలబడింది.

ట్రాక్టరు ట్యూబులో గ్యాసు నింపి, తోపుడుబండి మీద చౌరస్తాకు తెచ్చాడు. పొడవాటి పైపు పెట్టి, దూరంగా పొయ్యి వెలిగించాడు. వెలిగింది! బియ్యం పోసిన గంజు ఎక్కించాడు. కాసేపటికే మంట కుంగింది. ట్యూబు మీద బరువుకు పెట్టాల్సిన బండరాయి ఇంట్లోనే మరిచిపోయాడు. మహిపాల్ కళ్లు కట్టెల వైపు పోయాయి.

మట్టయ్య చుట్టూ చూశాడు. వారమంతా గోడ మీంచి చూసినది ఏమవుతుందోనని ఆగలేక వచ్చిన జోగారావు గారు, గొడుగు చాటున నిలబడి ఉన్నారు.

“సార్, జర గీ ట్యూబు మీద కూసోండ్రి.”

“నేనా? ఇక్కడా? మావాళ్లెవరైనా చూస్తే...”

“బువ్వ పలుకు మీదుంది సార్!”

ఆయన కళ్లు మూసుకుని కూర్చున్నారు. మంట ఎగిసింది. జనం ఒక్కసారిగా “జై తెలంగాణ!” అన్నారు.

“అయ్యా, నేను గ్యాసు కోసం కూర్చున్నానండీ, రాష్ట్రం కోసం కాదు!”

“దేనికైతే ఏంది సార్, లేవకుండ్రి!” అని అరిచాడు మహిపాల్.

అన్నం ఉడుకుతున్నకొద్దీ ట్యూబు అణిగిపోయి, జోగారావు గారు కిందికి దిగిపోతూ వచ్చారు. గంజు దించేసరికి మోకాళ్లు గడ్డానికి తగిలాయి. మట్టయ్య, మహిపాల్ చెరో చెయ్యి పట్టి లాగితేగాని లేవలేదు.

మొదటి విస్తరి ఆయనకే వేశాడు మట్టయ్య. మహిపాల్ ఒక ముద్ద తిని, మెతుకు నలిపి చూసి, కట్టెల మోపును కాలితో పక్కకు జరిపాడు.

“గ్యాస్ మట్టన్నా, ఇంకింత పెట్టు.”

ఆ పేరుతో పిలిస్తే మట్టయ్య పలకడం అదే మొదలు.