అష్టాచెమ్మ ఆడిన వానరోజు

యాంగోన్‌లో మంచు పడదు, వాన పడుతుంది. పడితే మనుషుల్ని ఇంట్లో కట్టేసి మరీ పడుతుంది. ఆ రోజు పజుండౌంగ్‌లో మా వీధంతా మోకాలి లోతు నీళ్లు. కరెంటు లేదు. అన్నయ్య పని దగ్గరే చిక్కుకుపోయాడు. సాయంత్రానికే చీకటి కమ్మితే అమ్మ కొవ్వొత్తి వెలిగించి, నేల మీద సుద్దముక్కతో అష్టాచెమ్మ గళ్లు గీసింది. ఆటకు నలుగురం: అమ్మ, నేను, నా కూతురు, వదిన.

వదిన బర్మా పిల్ల. అన్నయ్యతో పెళ్లయి రెండేళ్లు. ఇంట్లో అందరం బర్మా భాషే మాట్లాడతాం. నా కూతురికైతే అదొక్కటే వచ్చు. మరి తెలుగు ఎందుకు మిగిలిందయ్యా అంటే, దాపరికానికి. బజార్లో బేరం గురించి బేరగాడి ముందే, కోడలి గురించి కోడలి ముందే. సిగ్గులేని అలవాటే, కానీ తాతల నాటిది.

వదిన కాయ పండడానికి రెండు గళ్ల దూరంలో ఉంది. నా వంతు వచ్చింది. అమ్మ మొహంలో నవ్వు చెదరకుండా తెలుగులో అంది:

"ఒలే, దాని కాయ సంపీయే. దానికేటి తెలుస్తాది."

గవ్వలు వేశాను, చంపేశాను. వదిన కాయ మళ్లీ మొదటి గడికి వెళ్లింది. అమ్మ అదే గొంతుతో, "వానలు తగ్గనీ, సంచౌంగ్‌లో గది సూసి ఇద్దర్నీ ఏరెట్టీద్దాం. దానికి మన బాస రాదు, మన పులుసు రాదు. నా తరవాత ఈ ఇంట్లో తెలుగు ముక్క మాటాడీవోలే ఉండరు," అంది.

వదిన గవ్వలు చేతిలోకి తీసుకుంది. వెయ్యలేదు.

"అత్తా, నన్ను ఏరెట్టకు," అంది. "పులుసు నేర్సుకుంటాను. బాస నేర్సీసుకున్నాను."

తెలుగే. అదీ అచ్చం మా అమ్మ తెలుగు, అమ్మ యాస, అమ్మ సాగదీత. ఇన్నాళ్లూ బర్మా భాషలో 'అమే', అంటే అమ్మా, అని తప్ప పిలవని మనిషి. అమ్మ చెయ్యి నోటి మీదకు వెళ్లింది. గోడలకు చెవులుంటాయి, జాగ్రత్త అని మాకు నేర్పింది ఈవిడే.

"ఎవులు నేర్పినారే?" అంది అమ్మ.

"నువ్వే అత్తా. నా గురించి మాటాడినప్పుడల్లా ఇన్నాను. రోజూ మాటాడతావు గదా."

అందులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. రెండేళ్లుగా ఆమె ముందు కూర్చుని అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొస్తుంటే నాకు చచ్చే సిగ్గేసింది.

నా కూతురు మా మొహాలు చూసి, "అత్త ఏమంది?" అని బర్మా భాషలో అడిగింది. అమ్మ వంగి, నేను చంపిన కాయను తీసి, ఇందాక అది ఉన్న గడిలోనే తిరిగి పెట్టింది.

"మీ అత్తనే అడుగు," అంది మనవరాలితో. "ఇంకనించి మన బాస అదే సెప్తాది నీకు."

ఆ మాట తెలుగులోనే అంది. పిల్లకు అదీ అర్థం కాలేదు. వదినే బర్మా భాషలో చెప్పాల్సి వచ్చింది.