కాచి చల్లార్చిన నీళ్ళు

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. మొక్కల తోటలో పనిచేసే మా అందరికీ ఆమె జిగురక్క. గాజుగదిలో ఆమె పెంచే మొక్కలు అలాంటివి మరి: గోరంత ఆకులు, వాటి నిండా ఎర్రటి నూగు, ఒక్కో నూగు కొసన ఒక జిగురు బొట్టు. ఈగో దోమో వాలిందా, ఇక లేచేది లేదు. ఆకు మెల్లగా ముడుచుకుని దాన్ని తినేస్తుంది. ఊరి చివరి చిత్తడి నేలను పూడ్చి గోదాములు కట్టేముందు, మోకాలిలోతు బురదలో దిగి ఆమె తెచ్చుకున్నవి పదకొండే. ఆ రకం మరెక్కడా మిగిలినట్టు మాకు తెలియదు.

వాటికి వాన నీళ్ళే పొయ్యాలి. ఎండాకాలంలో ఆఫీసు ఏసీ కింద బకెట్టు పెట్టి, కారే నీళ్ళు బొట్టుబొట్టుగా పట్టేది.

"పురుగులు తినే వాటికి ఇన్ని గారాలా అక్కా?" అని ఆటపట్టించేవాణ్ణి. నేను అక్కడ గుమస్తాని, నోరు కాస్త ఎక్కువ.

"బురదలో సారం లేకే కదా తమ్ముడూ, పురుగుల మీద పడ్డాయి! ఏమీ లేని నీళ్ళే వీటికి పడతాయి."

ఒక ఎండాకాలం కంటి ఆపరేషనుకు వెళ్తూ మొక్కల తట్ట నాకు అప్పజెప్పింది. కొళాయి నీళ్ళు మాత్రం వద్దంది. మూడోరోజే ఏసీ చెడిపోయింది. బాగుచేసేవాడు రేపు, ఎల్లుండి అంటూ తిప్పాడు. ఫోను చేసి అడిగితే సరిపోయేది. కంటికి కట్టుతో ఉన్న మనిషిని కంగారు పెట్టడమెందుకని ఊరుకున్నాను. నా అతితెలివి తగలెయ్య! కొళాయి నీళ్ళలో ఏదో చెడు ఉంది కాబట్టే వద్దంది, కాస్తే పోతుంది అనుకున్నాను. మా ఇంట్లో జబ్బు పడినవాళ్ళకు ఇచ్చేవి కాచిన నీళ్ళే. రోజూ పొద్దున్నే కాచి, చల్లార్చి, గుడ్డలో వడగట్టి మరీ పోశాను.

పదిహేనోరోజున నల్లద్దాలతో వచ్చింది. ఆకుల అంచులు మాడి ఉన్నాయి. నేను పడ్డ శ్రమంతా చెప్పుకున్నాను. ఆమె మట్టి మీది తెల్లటి పొరను గోటితో గీకి చూపించింది.

"కాస్తే నీళ్ళు ఆవిరవుతాయి తమ్ముడూ. ఉప్పెక్కడికి పోతుంది?"

తిట్టలేదు. నాలుగు తిట్టినా బావుండేది, నా మొహం నాకే చూసుకోబుద్ధి కాలేదు.

అప్పటికి ఏసీ బాగైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అని తెలిసినా, వారం రోజులు ఏసీ నీళ్ళతోనే మట్టి కడిగాం. ఒక్కొక్కటే పోతూ చివరికి ఒక మొక్క మిగిలింది. దానికి మూడే ఆకులు.

"ఇప్పుడేం చేద్దాం అక్కా?"

"చెయ్యడానికేముంది. కూర్చో."

కూర్చున్నాం. మధ్యాహ్నం ఒక చిన్న ఈగ వచ్చి ఆకు మీద వాలింది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. అది ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచింది. తీరిగ్గా కాళ్ళు రుద్దుకుంది. ఎగిరిపోయింది.