రెండు సీసాల రోకలిబండలు

మా చోడవరంలో ఒక ప్రైవేటు కాలేజీ జువాలజీ ల్యాబులో రెజీనా ఇరవై ఆరేళ్లుగా అటెండరు. ఆవిడకు కోపం వచ్చిన రోజు పక్క గదిలో కెమిస్ట్రీ సారు అగ్గిపుల్ల గీయకుండానే బర్నరు వెలిగించుకునేవాడంటే మీరు నమ్మరు. నమ్మకండి. మొన్న జూలైలో వచ్చిన కోపం మాత్రం అంతకన్నా పెద్దది.

ఏటా వానలు పడగానే ఆవిడ చెరకు తోటల్లో మోకాళ్ల మీద కూర్చుని, ఎండుటాకు కింద చదును వీపు రోకలిబండ పురుగులను ఏరి స్పిరిట్‌లో వేసేది. రోలుగుంట తోటలవి ఒక సీసా, రావికమతం తోటలవి ఒక సీసా. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. మగవాటికి మాత్రం ఏడో కణుపు దగ్గర ఒక జత కాళ్లు కొక్కేల్లా ఉంటాయి. రోలుగుంటవాటికి ఆ కొక్కెం ఒంటి మొన. రావికమతంవాటికి చివర రెండుగా చీలి ఉంటుంది. ఈపాటి తేడాకు వీటిని రెండు జాతులనాలా, ఒకటే అనాలా అని ప్రొఫెసర్లు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు.

కొత్త లెక్చరరు హరిబాబు విశాఖపట్నం సెమినారులో ‘ఒకటే’ అన్నవాళ్ల ఉపన్యాసం విని, భోజనం చేసి బస్సెక్కేశాడు. ‘రెండు’ అన్నవాళ్ల వంతు మధ్యాహ్నం. మర్నాడు రెజీనా అల్మరా తెరిస్తే సీసా ఒకటే ఉంది.

“రెండోదేదండి సారూ?”

“అందులోనే కలిపేసేను. రెండూ ఒకటేనని తేలిపోయింది.”

“ఎక్కడ తేలింది? మీ బోజనం ప్లేటులోనా?”

“రెజీనమ్మా, నువ్వు చదివింది ఏడో క్లాసు.”

“అవును బాబూ, ఏడు దాకా లెక్కెట్టడం వచ్చు. ఆ ఏడో కణుపు మీరు సూసేరా? రేపు ఆళ్లు రెండని తేలిస్తే ఇయ్యి ఎవుడు ఏరతాడు?”

హరిబాబు క్లాసుకు వెళ్లిపోయాడు. రెజీనా సీసాను ట్రేలో ఒంపి, భూతద్దం పట్టుకుని మూడు రోజులు కూర్చుంది. మగవాటిని కొక్కెం చూసి విడదీసింది. ఆడవాటికి కొక్కేలుండవు. ఏది ఏ ఊరిదో చెప్పడానికి ఇక ఏ దారీ లేదు. ఇరవై ఆరేళ్ల పనిలో సగం ఒక్క ఒంపుతో పోయింది.

“పురుగుల కోసం ఇంత రభసేటమ్మా?” అన్నాడు హరిబాబు.

ఆవిడ ఆడవాటిని మూడో సీసాలో వేసి చీటీ రాసింది. ఊరు: తెలియదు. ఏరినవారి పేరు రాయాల్సిన చోట, ‘కలిపినవారు: హరిబాబు, ఎమ్మెస్సీ’ అని రాసి, గుమ్మంలోంచి కనబడేలా పెట్టింది.

“ఆ చీటీ పీకెయ్!”

“పీకేత్తాను సారూ. ముందు ఇయ్యి ఇడదీసి ఇయ్యండి.”