తాగుబోతు దెయ్యం కూతురు

ఆ ఓడ మీద బకెట్టక్కను ఎరగనివాళ్లు లేరు. ముఖం గుర్తుపట్టేవాళ్లు మాత్రం తక్కువ. పొద్దస్తమానం వంగి నేల తుడిచే మనిషికి వీపు తప్ప ఏం కనిపిస్తుంది? ఒకప్పుడు రెండు వేల మందిని సముద్రాలు దాటించిన ప్రయాణికుల ఓడ అది. ఇప్పుడు రేవులో గొలుసులతో కట్టేసి, టిక్కెట్టు పెట్టి చూపిస్తున్నారు. మెట్లెక్కగానే ఒక ఇత్తడి పలక ఎదురవుతుంది: 'ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారి కూడా ఆలస్యంగా బయల్దేరని ఓడ.' పద్నాలుగేళ్లుగా రోజూ పొద్దున్నే ఆ పలకను తళతళలాడించేది బకెట్టక్కే.

ఆమె అక్కడ చేరింది జీతం కోసం మాత్రమే కాదు. వాళ్ల నాన్న ఆ ఓడ బాయిలరు గదిలో పనిచేసి, అక్కడే పోయాడు. అప్పటికి ఆమెకు ఏడేళ్లు. ఆయనకు కడుపులో పుండు. పాలు తప్ప ఏదీ పడేది కాదు. చంకలో పాలసీసా పెట్టుకుని డ్యూటీకి వస్తాడని తోటివాళ్లు ఆయన్ని 'పాలసీసా' అనే పిలిచి ఏడిపించేవారు. అలాంటి మనిషి పోతే కంపెనీవాళ్లు ఇంటికి పంపిన కాగితంలో ఏం రాశారో తెలుసా? తాగిన మైకంలో ఒళ్లు తెలియక చనిపోయాడని! వాళ్లమ్మ ఆ కాగితం పట్టుకుని ఎక్కని గుమ్మం లేదు. ఒక్కడూ చెవిన పెట్టలేదు. "ఆయన పాలు తాగే మనిషండీ" అని కనిపించినవాళ్లకల్లా చెప్పీ చెప్పీ, చివరికి ఆ మాటతోనే పోయింది.

తాను ఎవరి కూతురో బకెట్టక్క ఓడ మీద ఎవరికీ చెప్పలేదు. బాయిలరు గది ఇనుప తలుపును మాత్రం రోజూ రెండుసార్లు తుడిచేది. చూడవచ్చినవాళ్లలో ఆ గది ఎవరికీ అక్కర్లేదు. వాళ్లకు కెప్టెన్ కోటు, వెండి గరిటెలు, డాన్సు హాలు కావాలి.

కొన్నాళ్లకు అవీ మొహం మొత్తి జనం తగ్గారు. ఆ ఓడ జ్ఞాపకాలను కాపాడే భారమంతా నెత్తినేసుకున్న డైరెక్టరు గారికి అప్పుడో బ్రహ్మాండమైన ఆలోచన తట్టింది. పాత కాగితాలు తిరగేయిస్తే తాగి చచ్చిన పనివాడొకడు దొరికాడు. ఇంకేం, నెల తిరక్కుండా బాయిలరు గది తలుపు మీద బోర్డు వెలిసింది: 'తాగుబోతు దెయ్యం గది.' పక్కనే తూలుతున్న అస్థిపంజరం, దాని చేతిలో సీసా. అది పాలసీసా కాదని వేరే చెప్పాలా?

బోర్డు చూసిన రోజు బకెట్టక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ నోరు విప్పితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే ఆ తలుపు దగ్గరికి కూడా రానివ్వరు. పళ్లు బిగబట్టి నేల తుడుచుకుంది.

దెయ్యం కథ చెప్పే గైడు ఒకప్పుడు నాటకాల్లో వేషాలు వేసినవాడు. కెప్టెన్ టోపీ తీయకుండా తిరుగుతాడని అందరూ 'టోపీ' అంటారు. దీపాలార్పి, "ఏమయ్యా తాగుబోతూ, ఉన్నావా?" అని అరుస్తాడు. గోడ వెనక స్పీకర్లోంచి పైపు మీద కొట్టినట్లు మూడు దెబ్బలు వినిపిస్తాయి. ఒకరోజు పొద్దున ఆ టోపీ రొప్పుకుంటూ వచ్చాడు.

"అక్కా, చెమ్మకి స్పీకరు చచ్చింది. జనం వచ్చేశారు. గోడ వెనక నిలబడి, నేను అడిగినప్పుడల్లా పైపు మీద మూడు దెబ్బలు వెయ్యవా? నీకు పుణ్యముంటుంది."

కాదంటే ఉద్యోగం ఎక్కడ పోతుందోనని ఒప్పుకుంది. చీపురు కర్రతో మూడు దెబ్బలు వేసింది. జనం కెవ్వుమన్నారు. ఆ తర్వాత పకపకా నవ్వారు. నాన్నను తన చేతులతోనే నవ్వులపాలు చేసిందన్న సిగ్గుతో ఆమెకు తల కొట్టేసినట్లయింది.

డ్యూటీ దిగగానే తిన్నగా పైపు బాబాయి దగ్గరికి పోయింది. నాన్నతో కలిసి బాయిలరు గదిలో పనిచేసినవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే. సైకిల్ షాపు పైన ఒంటి గదిలో ఉంటాడు. జరిగింది చెప్పగానే ముసలాయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

"మూడా? వాడి పేరున మూడు కొట్టించారా?"

"అయితే ఏంటి బాబాయ్?"

"ఆ హోరులో నోటి మాట వినబడి చస్తుందా? పైపు మీద స్పానరు దెబ్బలే మా మాటలు. మూడు కొడితే, బయటికొచ్చేశాను, ఆవిరి వదలొచ్చు అని. రెండు కొడితే, ఆగండి, లోపల మనిషున్నాడు అని. ఆ రోజు మీ నాన్న రిపేరుకి బాయిలరు లోపల ఉన్నాడు. రెండే కొట్టాడు. ఒకసారి కాదమ్మా, కొడుతూనే ఉన్నాడు. నేను విన్నాను. మా పైవాళ్లూ విన్నారు. బయల్దేరే టైము దాటిపోతోందని ఆవిరి వదిలేశారు."

బకెట్టక్కకు ఇత్తడి పలక కళ్ల ముందు మెదిలింది.

"మరి తాగాడని రాసిందెవరు?"

ముసలాయన నీళ్లు నమిలాడు. "రాసింది వాళ్లే. కింద సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను తల్లీ."

"మా అమ్మ నీ గుమ్మం కూడా ఎక్కింది కదా! అప్పుడేమైంది నీ నోటికి?"

ముసలాయన మంచం కింద నుంచి తుప్పు పట్టిన స్పానరొకటి తీసి, "వాడిదే" అంటూ ఆమె చేతిలో పెట్టాడు. ఆయన పీక పిసికేయాలన్నంత కోపం వచ్చింది. అదే భయంతో పొద్దున తాను వేసిన మూడు దెబ్బలు గుర్తొచ్చి, ఆ కోపం సగం తన మీదికే తిరిగింది. స్పానరు పట్టుకుని మెట్లు దిగిపోయింది.

మర్నాడు బాయిలరు గది కిటకిటలాడింది. స్పీకరు ఇంకా బాగుకాలేదు. దీపాలారాయి.

"ఏమయ్యా తాగుబోతూ, ఉన్నావా?"

రెండు దెబ్బలు పడ్డాయి.

"మూడో దెబ్బ మింగేశాడు! రాత్రిది ఇంకా దిగినట్లు లేదు!" అన్నాడు టోపీ. జనం గొల్లుమన్నారు. "నిజం చెప్పు, ఆ రోజు పీకలదాకా పట్టించావా లేదా?"

రెండు. మళ్లీ రెండు. మళ్లీ రెండు. దెబ్బలు ఆగలేదు. నవ్వులు ఆగిపోయాయి. గోడ వెనక నుంచి బకెట్టక్క స్పానరు పట్టుకుని, టోపీ చేతిలోని టార్చి వెలుగులోకి వచ్చింది.

"రెండంటే ఆగమని. లోపల మనిషున్నాడని. ఆయన పాలు తప్ప ఏమీ తాగేవాడు కాదు. ఓడ టైముకి కదలాలని, ఆయన లోపలుండగానే ఆవిరి వదిలారు. ఆయన మా నాన్న."

ఎవరో ఒకరు చప్పట్లు కొట్టారు. వెంటనే అందరూ అందుకున్నారు. "ఏం నటించిందండీ, నిజం ఏడుపులాగే ఉంది!" అంది ముందు వరసలో ఒకావిడ, కళ్లు తుడుచుకుంటూ.

మర్నాడు పొద్దున డైరెక్టరు గారు పిలిపించారు. తిడతారనుకుంటే, కుర్చీ చూపించి మరీ కూర్చోమన్నారు.

"జనం ఏడ్చారట కదమ్మా! రోజుకి మూడు ఆటలు వేద్దాం. మీరు రోజూ అలాగే బయటికి రావాలి. ఆ స్పానరు కూడా ఉండాలి, బాగుందట."

ఆమె కూర్చోలేదు. "బోర్డు తీయిస్తారా? మెట్ల దగ్గర పలక?"

"భలేవారే! ముందు తాగుబోతు అంటేనే కదా, తర్వాత మీరు పాలు అనగానే జనానికి దిమ్మ తిరిగేది! ఇక ఆ పలక జోలికి పోకండి. అది ఈ ఓడ గౌరవం."

బకెట్టక్క గుమ్మం బయటికి వెళ్లి, బకెట్టుతో తిరిగి వచ్చింది. ఒక చంకలో తాగుబోతు దెయ్యం బోర్డు. బకెట్టులో ఇత్తడి పలక. ఆ రోజు తెల్లారగానే వచ్చి రెండింటి బోల్టులూ నాన్న స్పానరుతోనే విప్పి ఉంచింది. బోర్డును డైరెక్టరు గారి కాళ్ల దగ్గర పడేసి, పలకను బల్ల మీద కాగితాలన్నిటి పైన పెట్టింది. స్పానరెత్తి ఆ పలక మీద బల్ల అదిరేలా రెండు దెబ్బలు వేసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

డైరెక్టరు గారు మూడో దెబ్బ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు.