వెర్నా వాటా

అమెరికాలోని ఈరీ ఊళ్ళో సరస్సు మీంచి వచ్చే గాలికి మార్చి నెలలో కూడా చెవులు తెగిపడేట్టుంటాయి. ఆ గాలిలో తెల్లవారకముందే వీధి మలుపులో నిలబడి, తనతో పనిచేసే డొలోరెస్ కారు కోసం ఎదురుచూడాల్సి వస్తుందని వెర్నా నోవిట్స్కీ ఎన్నడూ అనుకోలేదు. వృద్ధాశ్రమంలో దుప్పట్లు, గౌన్లు ఉతికే పని ఆమెది. సొంత కారు గేరు పెట్టె పాడై ఇంటి ముందు పడివుంది. జీతంలో ఎక్కువ కోసిన పన్ను వాపసు రాగానే బాగుచేయిద్దామనుకుంది.

వాపసు రాలేదు. దానికి బదులు పన్నుల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. భర్త పాత బాకీ కింద సొమ్మంతా జమ కట్టుకున్నామని అందులో ఉంది.

వెర్నా విధవగా ఎన్నో ఏళ్ళు ఒంటరిగా ఉండి, యాభయ్యో పడిలో క్లైడ్‌ని చేసుకుంది. నెమ్మదస్తుడు, తాగడు, నవ్విస్తాడు. పోయినేడాదంతా నడుం నొప్పితో అతను ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి ఆ వాపసులో ప్రతి పైసా ఆమె జీతంలోంచి కోసినదే. ఇద్దరి పేరా కలిపి పన్ను లెక్క చూపిస్తే ఎక్కువ వస్తుందని ఎవరో చెబితే సరేనంది.

సాయంత్రం క్లైడ్ ఈమధ్యే చేరిన టైర్ల షాపు నుంచి వచ్చేసరికి ఉత్తరం బల్ల మీద ఉంది. అతను చదవలేదు. చూడగానే తెలిసిపోయింది.

"జోలీన్ పెంపకానికి కోర్టు కట్టమన్నది," అన్నాడు. మొదటి భార్య లోనీ దగ్గర పెరిగిన కూతురు జోలీన్. "ఫ్యాక్టరీ మూసేశాక కట్టలేకపోయా. తర్వాత పెరిగిపోయింది."

"నాతో ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నన్ను చేసుకునేదానివా?"

చెప్పినా వెర్నా చేసుకునేది. ఆ సంగతే ఆమెను ఎక్కువ కోసింది. ఆ రోజు నుంచి క్లైడ్ మొహం చెల్లక కింది గదిలో పడుకోవడం మొదలుపెట్టాడు.

లైబ్రరీలో పన్ను కాగితాలు నింపడానికి సాయం చేసే ముసలాయన ఓపిగ్గా విని, బాకీ ఆమెది కాదు కాబట్టి తన వాటా తనకిమ్మని అడగొచ్చని చెప్పాడు. కాకపోతే నెలలు పడుతుందన్నాడు. వెర్నా అర్జీ పంపింది. ఫోన్ చేసినప్పుడల్లా పరిశీలనలో ఉందనే మాటే. డొలోరెస్ కారెక్కినప్పుడల్లా ఒక దెప్పిపొడుపు తప్పేది కాదు. "ఇంకోసారి పెళ్ళాడితే అతగాడి నవ్వు చూడకు, బాకీలు చూడు" అనేది. వెర్నా నవ్వేది. ఇంటికొచ్చాక ఆ మాటే ముల్లులా గుచ్చుకునేది.

ఈస్టర్‌కి ముందు శుక్రవారాల్లో చర్చి హాల్లో చేపల వేపుడు అమ్ముతారు. వెర్నా వడ్డిస్తుంది. ఒక శుక్రవారం వరసలో ఒకమ్మాయి పళ్ళెం చాపి అక్కడే ఆగిపోయింది. ఆ చుబుకం అచ్చం క్లైడ్‌దే.

"నేను జోలీన్‌ని. దెబ్బలాడ్డానికి రాలేదు," అంది.

వెర్నా గరిటె పక్కామెకిచ్చి ఆ పిల్లను గోడవారకు తీసుకెళ్ళింది. డబ్బు తమ చేతికీ రాలేదని జోలీన్ చెప్పింది. ఇద్దరి పేర్ల మీద ఉన్న లెక్క కావడంతో, భార్య వాటా తేలేదాకా ఇచ్చేది లేదన్నారట. తల్లి అద్దె బాకీపడి ఉంది. ఇల్లు ఖాళీ చేయమంటున్నారు.

"అది నేను చెమటోడ్చిన డబ్బమ్మా," అంది వెర్నా.

"తెలుసు. మా అమ్మ కూడా రెండు చోట్ల పనిచేసి నన్ను పెంచింది. వదులుకోమని అడగను. మీరెలాంటి వాళ్ళో చూద్దామని వచ్చాను."

వెర్నాకు కోపం రావాలి. రాలేదు. చేప ముక్కలు ఇంకో రెండు కాగితంలో చుట్టి తల్లికిమ్మని ఇచ్చింది. ఇచ్చాక, అదేదో ముష్టి వేసినట్టుందని తనకే సిగ్గేసింది.

అర్జీ మాత్రం వెనక్కి తీసుకోలేదు. సోమవారం సెలవు పెట్టి క్లైడ్‌ని లేపింది.

"పద, నీ బాకీ వసూలు చేసే ఆఫీసుకి. ఇప్పుడెక్కడ పనిచేస్తున్నావో చెప్పు. నీ జీతంలోంచి వారం వారం కోసుకోమను."

"నేనే వెళ్తాలే."

"నువ్వే వెళ్ళేవాడివైతే ఇంతదాకా వచ్చేదే కాదు."

ఇద్దరూ బస్సులో వెళ్ళారు. అతను లోపలికెళ్ళి, సంతకం చేసి వచ్చేదాకా ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది.

సెప్టెంబర్లో వెర్నా వాటా చేతికొచ్చింది, దాదాపు మొత్తం. అప్పటికే కారు తుక్కు కింద పోయింది. ఆ డబ్బుతో ఓ పాత బండి కొనుక్కుంది. లోనీకి ఆ సొమ్ములో దక్కింది దాదాపు ఏమీ లేదు. వేసవిలోనే ఇల్లు ఖాళీ చేసి చెల్లెలి ఇంట్లో సర్దుకుందని తెలిసింది. తన తప్పేమీ లేదని వెర్నా తనకు తాను చెప్పుకుంది. చాలాసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇక మీదట ఎవరి పన్ను లెక్క వాళ్ళదేనని చెప్పేసింది. క్లైడ్ తలూపాడు. పై గదికి తిరిగొచ్చాడు కానీ, అతను జీతం కాగితం తేగానే కోత పడిందో లేదో చూడకుండా వెర్నా ఉండలేకపోతోంది.

అక్టోబర్లో జోలీన్ ఫోన్ చేసి, ప్రతి వారం డబ్బు వస్తోందని చెప్పింది. ఆ తర్వాత, నాన్న ఉన్నాడా అని అడిగింది. వెర్నా ఫోన్ క్లైడ్‌కిచ్చింది. అతను కోటు కూడా వేసుకోకుండా వరండాలోకి వెళ్ళాడు. చాలాసేపు అటు తిరిగే నిలబడ్డాడు. అతను లోపలికొచ్చేసరికి ఆమె సూపు వేడిచేసి రెండు గిన్నెల్లో పోసింది.