సుక్రు ఎందుకు పడ్డాడు

ముప్పై ఏళ్లుగా జీలుగు చెట్లెక్కి కల్లు దించుతున్న వంతల సుక్రు ఒక్కసారైనా జారినవాడు కాదు. అలాంటివాడు మొన్న పొద్దున్నే చెట్టు మీంచి పడి తల పగలగొట్టుకున్నాడు. "తాగెక్కుంటాడు" అంది ఊరంతా. ఎక్కేముందు చుక్క ముట్టడని తెలిసీ, పెళ్లాం బుద్రి కూడా అనుమానంగానే చూసింది. కుడిచెయ్యి లేవని సుక్రుకి దెబ్బకన్నా ఆ చూపే ఎక్కువ నొప్పెట్టింది.

పెద్దాసుపత్రిలో తలకి స్కాన్ తీశారు.

"గాయం పైపైనేనమ్మా, లోపల దెబ్బేం లేదు," అంది డాక్టరమ్మ బుద్రితో. "మెదడుకెళ్లే రక్తనాళం మూసుకుపోయింది. చెట్టు మీదుండగానే పక్షవాతం వచ్చి చెయ్యి పడిపోయింది. అందుకే పట్టు తప్పాడు. ఇంక చెట్టెక్కడం కష్టమే."

బుద్రి ఏడుపందుకుంది. సుక్రు మాత్రం వంకరపోయిన మూతితోనే నవ్వాడు.

"ఇన్నావేటే?" అన్నాడు ముద్దముద్దగా. "నాను జారనేదు."